ఆగిన లారీ... ఆగని చావులు

రోడ్డు మీద దూసుకొచ్చే లారీని చూస్తే ఎవరైనా పక్కకు తప్పుకొంటారు. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని చూసి జడిసేవారు మాత్రం ఉండరు. కదలని బండి ఏం చేస్తుందిలే అన్న ధీమా. ప్రాణాలు తీయడంలో ఆగిన బండి కదిలే బండికి ఏమాత్రం తీసిపోదని 2023 అక్టోబరు 26న చిక్కబళ్లాపురం దగ్గర రుజువైంది. దసరా వెళ్లిన రెండు మూడు రోజులకు, ఆంధ్ర సరిహద్దు నుంచి బెంగళూరుకు బయల్దేరిన ఒక సుమో, ఉదయం ఏడు గంటల వేళ పొగమంచులో, 44వ నంబరు జాతీయ రహదారిపై నిలిపి ఉన్న ట్యాంకర్‌ను వెనుక నుంచి ఢీకొంది. 13 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది పొట్ట చేత పట్టుకుని బెంగళూరు చేరిన తెలుగువాళ్లే.

రెండు రోజులు పేపర్లలో ఫొటోలు వచ్చాయి. నాయకులు సంతాపం తెలిపారు. ఆ తర్వాత అంతా మామూలే. ఇవాళ రాత్రి బాగేపల్లి నుంచి దేవనహళ్లి దాకా, హోసూరు నుంచి కృష్ణగిరి దాకా పోయి చూస్తే దీపాలు ఆర్పేసి రోడ్డు అంచున నిద్రపోతున్న లారీలు ఎన్నో కనబడతాయి. ఒక్కో లారీ ఒక్కో గోడ. చీకట్లో నల్లగా నిలబడిన గోడ.

పాత ఏడో నంబరు రోడ్డు, ఇప్పటి 44వ నంబరు రహదారి సరిహద్దు తెలుగువారికి ఇంటి వాకిలి లాంటిది. గోరంట్ల, చిలమత్తూరు, హిందూపురం వైపు నుంచి కూలీలు బెంగళూరు వెళ్లాలన్నా, బాగేపల్లి, చింతామణి రైతులు టమాటా తోలాలన్నా, హోసూరు తెలుగువారు అనంతపురంలోని చుట్టాలింటికి పెళ్లికి పోవాలన్నా అదే దారి. అటు బరంపురం, ఇచ్ఛాపురం వాసులకు 16వ నంబరు రహదారి అలాంటిదే. దారి పెద్దదైంది, నునుపైంది. బండ్ల వేగం పెరిగింది. ఆగే పద్ధతి మాత్రం ఎద్దుల బండి కాలంలోనే ఉండిపోయింది. ఎక్కడ నిద్రొస్తే అక్కడ, ఎక్కడ టీ బంకు కనిపిస్తే అక్కడ.

లైటు చూపేదెంత? బండి ఆగేదెంత?

"ఎదురుగా అంత పెద్ద లారీ ఉంటే డ్రైవరుకు కళ్లు కనబడలేదా?" ప్రతి ప్రమాదం తర్వాతా వినిపించే మాట ఇది. లెక్క వేసి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని కన్ను పట్టుకుని, కాలు బ్రేకు మీదికి చేరడానికి సుమారు సెకనున్నర పడుతుంది. ఈలోగానే 33 మీటర్లు అయిపోతాయి. బ్రేకు పడ్డాక మంచి రోడ్డు మీద, మంచి టైర్లున్న కారు ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. మొత్తం 75 మీటర్ల దాకా. హెడ్‌లైటు డిమ్‌లో ఉన్నప్పుడు దారి స్పష్టంగా కనిపించేది సుమారు 50, 60 మీటర్లే. అంటే రాత్రిపూట డిమ్ లైటుతో 80లో పోతున్నవాడు తనకు కనిపించని దారి మీద పరుగెత్తుతున్నాడన్నమాట. లారీ కంటబడే సరికే ఆగడానికి చోటు చాలదు. పొగమంచు పడితే ఆ 50 మీటర్లూ ఉండవు.

వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి జారే దూరం రెట్టింపు అవుతుందని చాలామంది అనుకుంటారు. అది నాలుగు రెట్లవుతుంది. జనం నిండుగా ఎక్కిన సుమోకి, లోడు పడిన టెంపోకి ఈ దూరం ఇంకా పెరుగుతుంది.

పైగా ఆగిన లారీ మోసం చేస్తుంది. దూరం నుంచి చూస్తే అది నిలబడిందో, నెమ్మదిగా పోతోందో తెలియదు. వెనుక ఒక్క దీపమే వెలుగుతుంటే మోటారు సైకిలేమో అనిపిస్తుంది. రిఫ్లెక్టర్ల మీద దుమ్ము పేరుకుంటే అదీ కనిపించదు. ఎదుటి బండి ఫుల్ లైటు కళ్లలో కొట్టాక కొన్ని క్షణాల పాటు ఏమీ కనిపించదు. డివైడర్‌లో గన్నేరు చెట్లు నాటింది ఈ వెలుగును అడ్డుకోవడానికే. అవి ఎండిపోయిన చోట, పల్లె జనం దాటుకోవడానికి గండి కొట్టిన చోట ఆ అడ్డూ లేదు.

దేశం మొత్తం మీద 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రతి పది మరణాల్లో ఏడింటికి అతి వేగమే కారణమని ఆ నివేదిక చెప్పింది. ప్రమాదాల్లో సుమారు ఐదో వంతు వెనుక నుంచి ఢీకొన్నవే. ఈ రెంటినీ కలిపి చదువుకుంటే ఆగిన లారీ కథ అర్థమవుతుంది. వేగం ఒకడిది, అడ్డం ఇంకొకడిది. చావు మాత్రం బండిలో కునుకు తీస్తున్న కూలివాడిది.

లారీవాడినే తిడితే సరా?

లారీ డ్రైవరును తిట్టడం తేలిక. అతని గోడు కూడా వినాలి. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా పోయే రహదారి ఇది. మూడు రాత్రులు స్టీరింగు మీదే గడిపినవాడికి నిద్ర ముంచుకొస్తే ఎక్కడ ఆపాలి? లారీలు నిలుపుకోవడానికి నీళ్లు, మరుగుదొడ్డి, వెలుతురు, కాపలా ఉన్న చోట్లు చాలినన్ని లేవు. ఉన్నవి ఎక్కడో విసిరేసినట్టు ఉన్నాయి. దాబా ముందు ఆపితే స్థలం చాలదు. లోపలి రోడ్డులోకి దిగితే డీజిలు దొంగల భయం. చివరికి రోడ్డు అంచే గతి. రోజుకు ఎనిమిది గంటలకు మించి డ్రైవరుతో పని చేయించకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. ఆ మాట డ్రైవరుకు చెబితే నవ్వుతాడు. సరుకు వేళకు చేరకపోతే బాడుగ కోస్తారన్న సంగతి అతనికి తెలుసు.

అయినా ఆగక తప్పనప్పుడు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. అవేమీ లక్షలు పోసి కొనేవి కావు. వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కల పసుపు టేపు ఉండాలన్నది రూలు. చిన్న బండ్లు లారీ కిందికి దూసుకుపోకుండా వెనుక అడ్డ కమ్మీ ఉండాలి. బండి చెడిపోతే రోడ్డు మీద పెట్టడానికి ఎర్ర త్రికోణం బండిలోనే ఉండాలి. వాస్తవంలో కనిపించేది వేరు. త్రికోణానికి బదులు నాలుగు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ. బండి బాగయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. తర్వాత వచ్చే మోటారు సైకిలుకు ఆ రాళ్లే గండం.

చెడిపోయిన బండిని రోడ్డుకు అడ్డంగా వదిలేసినందుకు మోటారు వాహనాల చట్టంలో పెట్టిన జరిమానా 500 రూపాయలు. 2019లో చట్టాన్ని సవరించి పెంచాక వచ్చిన మొత్తమిది! 13 ప్రాణాలు తీయగల తప్పుకు 500 అంటే ఎవరు భయపడతారు? ఆ 500 అయినా వసూలు చేసేవారు రాత్రి రెండు గంటలకు రోడ్డు మీద ఉంటేగా. టోలు గేటు దగ్గర ప్రతి బండికీ ఠంచనుగా రుసుము తీసుకునేవారు, ఆ డబ్బుకు బదులుగా అంచున ఆగిన లారీని గంటలోపు తొలగించే బాధ్యత కూడా తీసుకోవాలి. రోడ్డు నిర్వహణలో లోపం వల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరు, సంస్థ లక్ష రూపాయల దాకా జరిమానా కట్టాలని అదే 2019 సవరణ చెప్పింది. అడిగేవారు ఉంటేనే ఆ నిబంధనకు ప్రాణం వస్తుంది.

పడిపోయిన బండి కూడా...

కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు దగ్గర 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున జరిగిన ఘోరాన్ని ఎవరూ మరిచిపోలేదు. హైదరాబాదు నుంచి బెంగళూరు వస్తున్న ప్రైవేటు బస్సు మంటల్లో కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. పోలీసుల కథనం ప్రకారం అసలు ప్రమాదం అంతకుముందే జరిగింది. మద్యం తాగి నడిపిన ఒక యువకుడి మోటారు సైకిలు డివైడర్‌ను కొట్టింది. అతను అక్కడే చనిపోయాడు. బండి రోడ్డు మీద పడి ఉంది. ఆ తర్వాత వచ్చిన బస్సు దాని మీదికెక్కి ఈడ్చుకుపోయింది. నిప్పు రాజుకుంది.

ఇక్కడ కూడా ప్రాణాలు తీసింది రోడ్డు మీద కదలకుండా పడి ఉన్న ఒక వస్తువే. బస్సుకు ముందు అదే దారిన పోయినవారు పక్కకు తప్పుకుని సాగిపోయారు. వారిలో ఒక్కరు ఆగి, హజార్డ్ లైట్లు వేసి, 1033కు ఫోను చేసి ఉంటే? జాతీయ రహదారుల సహాయ నంబరు అది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. టోలు కట్టే ప్రతివాడికీ ఆ నంబరు నోటికి రావాలి. ఆగిన లారీని చూసి, "అబ్బ, కొంచెంలో తప్పింది" అని ఊపిరి పీల్చుకుని ముందుకు పోతే సరిపోదు. వెనుక వచ్చేవాడికి ఆ కొంచెం కూడా ఉండకపోవచ్చు.

ఆ మూడు గంటలు

పెద్ద ప్రమాదాల గడియారం చూస్తే ఒకే సమయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చిన్నటేకూరు ఘటన తెల్లవారుజామున మూడు గంటల వేళ. 2021 ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లా మాదార్‌పూర్ దగ్గర టెంపో అదుపుతప్పి డివైడర్ దాటి అవతలి లారీని ఢీకొని, మదనపల్లె నుంచి అజ్మీరు యాత్రకు బయల్దేరిన 14 మంది చనిపోయింది నాలుగు గంటల ప్రాంతంలో. 2023 జూన్ 25 అర్ధరాత్రి దాటాక గంజాం జిల్లా దిగపహండి దగ్గర రెండు బస్సులు ఢీకొని, పెళ్లి నుంచి తిరిగి వస్తున్న 12 మంది ప్రాణాలు కోల్పోయారు.

రెండు నుంచి ఐదు దాకా ఒంటికి నిద్ర కావాలి. టీ తాగినా, మొహం కడిగినా, పాటలు పెట్టినా ఆ నిద్ర పూర్తిగా పోదు. రెప్ప రెండు సెకన్లు మూతపడితే చాలు, 80లో పోయే బండి కళ్లు మూసుకునే 44 మీటర్లు పోతుంది. డ్రైవరు తాను కునుకు తీసిన సంగతి తానే గుర్తించడు.

పెళ్లికి పోయినా, తిరుపతికి పోయినా రాత్రికి రాత్రే తిరిగి రావాలన్న తొందర సరిహద్దు ఊళ్లలో ఎక్కువ. లాడ్జి ఖర్చు మిగులుతుందని, మర్నాడు డ్యూటీకి అందుకోవచ్చని. పగలంతా పెళ్లిలో తిరిగిన బంధువే రాత్రి డ్రైవరు. బాడుగ బండి అయితే, ముందు రోజు రాత్రి ఇంకో ట్రిప్పు కొట్టి వచ్చినవాడు. "అన్నా, నిన్న రాత్రి నిద్రపోయావా?" అని బండి ఎక్కేముందు ఒక్క మాట అడిగేవారెందరు? బాడుగ బేరం అరగంట చేస్తారు గానీ ఆ మాట అడగరు. నాలుగు గంటలు ఆలస్యంగా చేరితే పోయేదేమీ లేదు. ఆ వేళ బండిని పెట్రోలు బంకు లోపల నిలిపి రెండు గంటలు పడుకున్న డ్రైవరును విసుక్కోకుండా మెచ్చుకోవాలి.

హద్దు దాటితే బాధ్యత ఎవరిది?

సరిహద్దు ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. ప్రమాదం కర్ణాటకలో, చనిపోయినవాడు ఆంధ్రవాడు, లారీ తమిళనాడుది, యజమాని ఇంకెక్కడో. కేసు ఒక భాషలో, పోస్టుమార్టం కాగితం ఇంకో భాషలో. అంతా అందరిదే, ఎవరిదీ కాదు.

ప్రమాద స్థలాల లెక్కలోనూ ఇదే తంతు. అర కిలోమీటరు దారిలో మూడేళ్లలో మరణాలు, తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరిగినా, లేక పది మంది చనిపోయినా జాతీయ రహదారిపై దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. దారి హద్దు మీద ఉండి, అటు రెండు, ఇటు మూడు జరిగితే? ఎవరి దస్త్రంలోనూ ఐదు పూర్తికావు. కొడికొండ నుంచి బాగేపల్లి దాకా, ఇచ్ఛాపురం అవతలా ఇవతలా, రెండు రాష్ట్రాల పోలీసులు, రవాణా అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చుని లెక్క కలిపి చూడాలి. ప్రమాదాల వివరాలు ఇప్పుడు దేశమంతటా ఒకే కంప్యూటరు వ్యవస్థలో చేరుతున్నాయి కాబట్టి ఇదేమీ కొండను తవ్వే పని కాదు. మంచు కురిసే నెలల్లో తెల్లవారుజామున ఉమ్మడి గస్తీ పెట్టడం అంతకన్నా సులువు.

తెలుసుకుని ఉంటే దక్కేవి

దెబ్బ తగిలాక హద్దులు చూడని హక్కులు కొన్ని ఉన్నాయి. తెలియకపోవడం వల్లే చాలా కుటుంబాలు అప్పులపాలవుతున్నాయి.

తమిళనాడు గడ్డ మీద ప్రమాదం జరిగితే, బాధితుడిది ఏ రాష్ట్రమైనా సరే, మొదటి 48 గంటల చికిత్సకు 2021 డిసెంబరు నుంచి 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం ఉంది. కృష్ణగిరి దగ్గర దెబ్బతిన్న కుప్పం మనిషికీ వర్తిస్తుంది. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం కింద దేశంలో ఎక్కడ ప్రమాదం జరిగినా, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు చికిత్సకు బాధితుడు డబ్బు కట్టనక్కర లేదు. గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోయినా, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు పరిహారం వస్తుంది.

నష్టపరిహారం కేసు ప్రమాదం జరిగిన జిల్లాలోనే వేయాలన్న అపోహ ఒకటి ఉంది. బాధిత కుటుంబం తాము నివసించే ఊరి పరిధిలోని ట్రైబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. భాష రాని కోర్టు చుట్టూ తిరగనక్కర లేదు. ఆరు నెలల్లోపు వేయడం మాత్రం మంచిది.

దెబ్బతిన్నవారిని ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించకూడదు. పేరు చెప్పమని బలవంత పెట్టకూడదు. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019 చట్ట సవరణ ఆ రక్షణ ఇచ్చాయి. "మనకెందుకొచ్చిన గొడవ" అని తప్పుకుపోవాల్సిన అవసరం ఇప్పుడు లేదు. 108 అయినా, 112 అయినా హద్దు దగ్గర ఫోను చేసేటప్పుడు రాష్ట్రం పేరు, దగ్గరి ఊరు, పక్కనున్న కిలోమీటరు రాయి నంబరు చెప్పాలి. టవరు పక్క రాష్ట్రానిదైతే అటువైపు వారు పలికే అవకాశం ఉంది. చోటు సరిగ్గా చెబితేనే బండి త్వరగా చేరుతుంది.

ఇంకో చేదు నిజం కూడా తెలియాలి. మిరప కోతలకో, పత్తి తీతకో రాయచూరు, బళ్లారి వైపు గూడ్సు బండ్లలో జనాన్ని కుక్కి తీసుకుపోవడం ఏటా జరిగేదే. సరుకు బండిలో ఊరకే ఎక్కిన ప్రయాణికుడికి మామూలుగా ఆ బండి బీమా వర్తించదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. వెంట తన సరుకున్నవాడి సంగతి వేరు. ఇరవై రూపాయలు మిగిలాయని ఎక్కిన బండి బోల్తాపడితే, ఇంట్లోవారికి చేతికొచ్చేది ఏమీ ఉండకపోవచ్చు. ఈ మాట మేస్త్రీలు చెప్పరు. ఊరి పెద్దలు, పంచాయతీలు చెప్పాలి.

మొదలు ఎక్కడి నుంచి?

సర్కారు చేయాల్సింది సర్కారు చేయాలి. యాభై కిలోమీటర్లకొక లారీల నిలుపుదల చోటు, రాత్రి గస్తీ, గంటలోపు క్రేను, మంచు ప్రాంతాల్లో మెరిసే హెచ్చరిక దీపాలు. హెచ్చరికలు ఏ ఒక్క భాషలోనో కాకుండా బొమ్మల్లో ఉంటే కన్నడిగుడికీ, తమిళుడికీ, తెలుగువాడికీ, పంజాబ్ నుంచి వచ్చే డ్రైవరుకూ ఒకేలా అర్థమవుతాయి.

అదంతా జరిగేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే ప్రాణాలు ఆగవు. రాత్రి డిమ్ లైటులో 60 దాటకపోతే ఆగిన లారీ కంటబడినా ఆగడానికి చోటుంటుంది. ముందు బండి ఒక స్తంభం దాటాక ఒకటి, రెండు, మూడు సెకన్లు లెక్కపెట్టినా ఆ స్తంభం దగ్గరికి చేరకపోతే దూరం సరిగ్గా ఉన్నట్టు. వెనుక సీటులో కూర్చున్నవారికీ బెల్టు కావాలి. 2022లో హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14 వేలకు పైగా వెనుక కూర్చున్నవారే. యానాంలో మందు తాగి బాలయోగి వంతెన మీదుగా ఇంటికి పోయే మోటారు సైకిలువాడు ఒక్కడే ప్రమాదంలో లేడు. వాడు పడిపోతే ఆ బండి మీదికెక్కే బస్సు నిండా జనం ఉంటారని చిన్నటేకూరు చెప్పింది. తాగినవాడి తాళం చెవి లాక్కునే స్నేహితుడు ఉంటే ఆ రాత్రి రెండు ఇళ్లు నిలబడతాయి.

లారీ యజమానుల సంఘాలు ఏటా ఆయుధపూజకు బండికి గుమ్మడికాయ కొడతాయి, నిమ్మకాయలు తొక్కిస్తాయి. అదే రోజు ప్రతి లారీ వెనుకా కొత్త రిఫ్లెక్టర్ టేపు అంటించి, డ్రైవరు చేతికి ఒక ఎర్ర త్రికోణం ఇస్తే ఆ పూజకు పూర్తి ఫలం దక్కుతుంది. ఒక్కో బండికి అయ్యే ఖర్చు ఒక టైరు ఖరీదులో పిసరంత. ఎప్పుడు మొదలుపెడతారన్నదే ప్రశ్న. మంచు కురిసే రోజులు ప్రతి ఏడాదీ చెప్పిన వేళకే వస్తాయి.